బొప్పాయి ఇంటి వైద్యం, వంటింటి వాడకం: పాలు ఎక్కడుందో చూసి వాడాలి

బొప్పాయి సాగు మీద ఇంతకుముందు చాలా చెప్పుకున్నాం. ఈసారి సాగు కాదు, వాడకం. పై వీడియోలో పచ్చికాయ మీద గోటితో ఒక గీటు పెట్టగానే పాలు బొటబొటా కారడం చూపించాను. పక్కనే అదే చెట్టు పండును కోసి చూపిస్తే పాలు కనిపించలేదు. ఈ తేడా ఒక్కటి మనసులో పెట్టుకోండి. బొప్పాయి ఎప్పుడు తిండి, ఎప్పుడు మందు, ఎప్పుడు ప్రమాదం అనేది చాలావరకు ఈ పాల మీదనే ఆధారపడి ఉంటుంది.

మా అనంతపురం వైపు పెద్దవాళ్లు దీన్ని పరంగికాయ అంటారు, కోస్తాలో బొప్పాసకాయ అంటారు. పరంగి అంటే తెల్లదొర. పేరులోనే తెలుస్తోంది, ఇది మన దేశపు చెట్టు కాదు. దీని పుట్టిల్లు మధ్య అమెరికా, మెక్సికో దక్షిణ భాగం. పోర్చుగీసువాళ్ల కాలంలో ఓడలెక్కి మనకొచ్చింది. అందుకే ఎవరైనా "వేల ఏళ్ల నాటి మన బొప్పాయి వైద్యం" అని చెబితే నేను కొంచెం నవ్వుకుంటాను. వచ్చి నాలుగైదు వందల ఏళ్లే అయింది. ఆ కొద్ది కాలంలోనే మన పెరట్లోకి, కూరలోకి, బిర్యానీలోకి ఎట్లా దూరిపోయిందో చూస్తే ముచ్చటేస్తుంది.

ఇంక అసలు సంగతి. పచ్చికాయ పాలలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. మాంసకృత్తులను ముక్కలు ముక్కలుగా విరగ్గొట్టడం దాని పని. డిప్లొమాలో మాకు దీన్ని రెండు వాక్యాల్లో చెప్పి వదిలేశారు. తోటలో పని చేసేవాళ్లకు మాత్రం చేతుల మీద తెలుస్తుంది. ఒక పూటంతా పచ్చికాయలు కోస్తే వేళ్ల సందుల్లో చర్మం పొరలుగా లేస్తుంది, మండుతుంది. మన చర్మం కూడా మాంసకృత్తే కదా మరి. అందుకే మా దగ్గర కోతకొచ్చే అక్కలకు చేతి తొడుగులు ఇస్తాం, తొడుగులు ఇష్టం లేనివాళ్లు కొబ్బరినూనె పూసుకుంటారు. కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి డాక్టర్ దగ్గరికి పోవాలి. రబ్బరు తొడుగులు వేసుకుంటేనే దద్దుర్లు వచ్చే మనుషులు కొందరుంటారు. వాళ్లకు బొప్పాయి పాలు కూడా పడకపోవచ్చు, దూరంగా ఉండటమే మేలు.

కాయ ముదిరి పండే కొద్దీ ఈ పాలు తగ్గిపోతుంది. పండులో కంటికి కనపడనంత మిగులుతుంది. ఆ మిగిలింది కూడా ఊరికే ఉండదు. బొప్పాయి పండు పాలల్లో వేసి జ్యూస్ కొట్టి గంటసేపు వదిలేసి తాగి చూడండి, చేదెక్కుతుంది. పాలలోని మాంసకృత్తులను ఎంజైమ్ విరగ్గొట్టడం వల్ల వచ్చే చేదు అది. మీ పండులో లోపమేం లేదు. మా దగ్గర పండ్లు కొనే జ్యూస్ సెంటర్ అబ్బాయి ఒకసారి "అన్నా, పండు చేదుగా ఉందంట" అని ఫోన్ చేశాడు. పొద్దున కొట్టి ఫ్రిజ్‌లో పెట్టి మధ్యాహ్నం అమ్ముతున్నాడు. అప్పటికప్పుడు కొట్టి ఇవ్వమన్నా, అంతే, మళ్లీ ఫోన్ రాలేదు.

పండు: ముందు ఇది తినండి

బొప్పాయిలో నేను నూటికి నూరుపాళ్లు ధైర్యంగా చెప్పగలిగేది పండు గురించే. వంద గ్రాముల పండులో సుమారు 40 నుంచి 60 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. పావుకిలో ముక్కలు తింటే పెద్దమనిషికి ఆ రోజుకు కావలసింది వచ్చేసినట్టే. పసుపు, నారింజ రంగు వచ్చేది కెరోటిన్ల వల్ల. అందులో బీటా కెరోటిన్‌ను మన ఒళ్లు ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది, కళ్లకు కావలసింది అదే. రెడ్ లేడీ లాంటి ఎర్ర కండ రకాల్లో టమాటాలో ఉండే లైకోపీన్ కూడా ఉంటుంది. కెరోటిన్ కొవ్వులో కరిగే సరుకు. కాబట్టి పరగడుపున ఒట్టి పండు తినడం కంటే, భోజనం చేశాక తింటేనే ఒంటికి బాగా పడుతుంది.

మలబద్ధకానికి పండు పనిచేస్తుంది. అందులో మహిమ ఏం లేదు, నీరు, పీచు ఉన్నాయి. ఆరు నెలలు దాటిన పసిపిల్లలకు మెత్తగా నలిపి రెండు చెంచాలతో మొదలుపెట్టొచ్చు. షుగరు ఉన్నవాళ్లు మానేయాల్సిన పనిలేదు, నాలుగు ముక్కల దగ్గర ఆగాలి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం రోజూ ఎక్కువగా తినే ముందు డాక్టర్‌ని ఒక మాట అడగండి.

కాయ మీద ఒకటి రెండు పసుపు చారలు పడ్డప్పుడు కోసి, కాగితం చుట్టి, వరిగడ్డిలో పెడితే మూడు నాలుగు రోజుల్లో పండుతుంది. కార్బైడ్ పెట్టడం చట్టప్రకారం నిషేధం, ఆ సంగతి మన వాళ్లకు చెప్పనక్కర్లేదు. కొనేవాళ్లకు చెప్పండి. ఒళ్లంతా ఒకే తీరుగా పసుపు తిరిగి, లోపల గట్టిగా, చప్పగా ఉంటే అనుమానించమనండి.

పచ్చికాయ: వంటింట్లో దీని స్థానం వేరు

పచ్చికాయ కోసేటప్పుడు ముందు నిలువునా గీట్లు పెట్టి అరగంట నిలబెట్టండి, పాలు కారిపోతుంది. తర్వాత చెక్కు తీసి, ముక్కలు కోసి ఉప్పునీళ్లలో వేసి కడిగితే జిగురు పోతుంది. పెసరపప్పు వేసి కూర, ఆవపెట్టిన కూర, తురిమి కొబ్బరితో వేపుడు, ఉడికించి పెరుగు పచ్చడి, ఏది చేసినా సొరకాయకు, బెంగళూరు వంకాయకు ఏమాత్రం తీసిపోదు. బాగా ఉడికితే పపైన్ పని ఆగిపోతుంది, కాబట్టి కూర తిన్నవాళ్లకు కడుపులో ఇబ్బంది రాదు.

మాంసానికి మాత్రం పచ్చిదే కావాలి. హైదరాబాద్ కచ్చి బిర్యానీలో మాంసం దమ్ములోనే మెత్తగా ఉడకడానికి నానబెట్టేటప్పుడు వేసే పచ్చి బొప్పాయి ముద్ద ఒక కారణం. ముదురు పొట్టేలు మాంసం కిలోకు రెండు పెద్ద చెంచాల ముద్ద, చెక్కుతో సహా నూరింది, గంటసేపు చాలు. రాత్రంతా పెడితే పైన పిండిలా జావగారిపోయి, లోపల గట్టిగానే ఉంటుంది. కోడిమాంసానికి చాలామంది వేస్తారు, నాకైతే అవసరం అనిపించదు. నాటుకోడి అయితే ఒక చెంచా, అరగంట.

ఇదే గుణం బట్టల మరకలకు పనికొస్తుంది. నెత్తురు, పాలు, గుడ్డు లాంటి మాంసకృత్తుల మరక పడ్డ నూలుబట్టను పచ్చికాయ చెక్కుతో రుద్ది, కాసేపుంచి చల్లనీళ్లతో ఉతికితే మరక వదులుతుంది. పసుపుకు, నూనెకు ఇది పనిచేయదు. ఇంకో మాట, ధర్మవరం పక్కనే ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, పట్టుచీర మీద ఈ ప్రయోగం చేయొద్దు. పట్టు కూడా మాంసకృత్తే. పట్టుదారం మీది జిగురు తీయడానికి పపైన్‌ను వాడే పద్ధతే ఉంది, ఇంట్లో కొలత లేకుండా రుద్దితే పోగు దెబ్బతింటుంది.

ఆనెకాయలకు, పులిపిర్లకు పచ్చి పాలు పెట్టే అలవాటు ఊళ్లలో ఉంది. పులిపిరి మీద ఎంత పనిచేస్తుందో, చుట్టూ ఉన్న మంచి చర్మం మీదా అంతే పనిచేస్తుంది. షుగరు ఉన్నవాళ్ల కాలి మీద అది పుండుగా మారితే మానడం కష్టం. నేనైతే వద్దనే చెబుతా. కాలిన గాయాలకు బొప్పాయి గుజ్జు కట్టడం గురించి కూడా అడుగుతుంటారు. ఆఫ్రికాలోని గాంబియాలో ఒక ఆసుపత్రి పిల్లల విభాగంలో అట్లా కట్టిన మాట నిజమే. అది డాక్టర్లు, నర్సులు రోజూ చూసుకుంటూ చేసింది. ఇంట్లో కాలితే పారే చల్లనీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టి, శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి పోవాలి. ముఖానికి పండు గుజ్జు పూసుకోవాలంటే ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒకరోజు చూడండి, పది నిమిషాలకు మించి ఉంచొద్దు. పచ్చికాయ మాత్రం ముఖం దగ్గరికే రానీయొద్దు.

గర్భిణుల సంగతి

ఇది ఎక్కువమంది అక్కచెల్లెళ్లు అడిగే ప్రశ్న. పెద్దవాళ్లు బొప్పాయి పేరెత్తితేనే వద్దంటారు, చదువుకున్నవాళ్లు మూఢనమ్మకం అని కొట్టిపారేస్తారు. రెండూ పూర్తిగా సరికాదు. 2002లో సింగపూర్ పరిశోధకులు ఎలుకల మీద చూశారు. పండిన బొప్పాయి రసం తాగిన ఎలుకలకు గర్భానికి ఏమీ కాలేదు. కానీ పచ్చికాయ పాలు తగిలినప్పుడు గర్భసంచి కండరం గట్టిగా ముడుచుకుంది. మళ్లీ మన పాల దగ్గరికే వచ్చాం చూడండి. కాబట్టి పచ్చికాయ, దోరకాయ గర్భిణులు తినొద్దు. బాగా పండింది మామూలు మోతాదులో తింటే భయం అక్కర్లేదు. కానీ పండు పూర్తిగా పండిందా, కాడ దగ్గర ఇంకా పచ్చిగా ఉందా అనేది కోసినవాళ్లకే తెలుస్తుంది. అనుమానమైతే ఆ పూటకు జామపండు తినండి. గర్భిణి అక్కలను పచ్చికాయ కోతకు, పాలు తీసే పనికి పిలవొద్దని తోట యజమానులకు నా మనవి.

ఆకు, డెంగ్యూ, మన బాధ్యత

వానాకాలం ముగిసే రోజుల్లో నా తోట గేటు దగ్గర మనుషులు నిలబడతారు. పండు కోసం కాదు, ఆకు కోసం. రెండేళ్ల కింద ఒక సాయంత్రం పక్క ఊరి పెద్దాయన వచ్చాడు. "నాలుగు లేతాకులు ఇయ్యి నాయనా, మనవడికి ప్లేట్‌లెట్లు తగ్గినాయంట. జొరం పొద్దున్నే తగ్గిపాయె, ఆకురసం రెండు దినాలు పోస్తే లేచి కూచుంటాడు" అన్నాడు. పిల్లోడు ఏం చేస్తున్నాడు అని అడిగితే, "పడుకునే ఉన్నాడు, కడుపునొప్పి అంటాడు, ఏం తిన్నా కక్కుతాండాడు" అన్నాడు. ఆకు ఇవ్వలేదు. నా బండి తీసి ఆ పిల్లోణ్ణి, వాళ్లమ్మను ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయా. ఆ రాత్రే సెలైన్ పెట్టి, గంట గంటకూ చూశారు. ఇంకో పూట ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరమ్మ వాళ్ల అమ్మతో చెప్పింది.

ఇందులో తెలుసుకోవలసింది ఏమిటంటే, డెంగ్యూలో జ్వరం తగ్గాకే గండం మొదలవుతుంది. మామూలుగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది. సరిగ్గా అప్పుడే కొందరికి రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోతుంది, బీపీ పడిపోతుంది. ఆ ఒకటి రెండు రోజులు దాటితే ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి. మన వాళ్లు ఆకురసం మొదలుపెట్టేది నాలుగో రోజో, అయిదో రోజో. ఆ తర్వాత ప్లేట్‌లెట్లు పెరిగితే పేరు ఆకుకు వస్తుంది.

మరి ఆకులో ఏమీ లేదా అంటే, పూర్తిగా అట్లా కూడా అనను. 2013లో మలేషియాలో రెండు వందల మందికి పైగా రోగుల మీద చేసిన పరీక్ష అచ్చయింది. మూడు రోజులు, రోజుకు 50 గ్రాముల ఆకురసం ఇచ్చినవాళ్లలో ప్లేట్‌లెట్లు కొంత పెరిగాయి. ఆకుసారంతో చేసిన మాత్రలు మన మందుల షాపుల్లోనూ దొరుకుతున్నాయి. కానీ ప్లేట్‌లెట్ అంకె పెరగడం వేరు, మనిషి గండం గట్టెక్కడం వేరు. నీరు కారిపోయే ప్రమాదాన్ని ఆకురసం ఆపుతుందని ఎవరూ నిరూపించలేదు. పైగా విపరీతమైన చేదు. పిల్లలు వాంతి చేసుకుంటే ఉన్న నీరు కూడా పోతుంది. జ్వరం ఉన్నన్నాళ్లు ఓఆర్‌ఎస్, మజ్జిగ, కొబ్బరినీళ్లు, జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు ముట్టుకోవద్దు, రక్తస్రావం పెరుగుతుంది. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో నెత్తురు, నల్లటి విరేచనం, మనిషి మగతగా ఉండటం, చేతులు కాళ్లు చల్లబడటం, ఇందులో ఏ ఒక్కటి కనబడినా వెంటనే ఆసుపత్రి.

ఇంకొకటి ఉంది, ఇది రైతులం మనం మాత్రమే చెప్పగలిగిన మాట. రోడ్డు పక్క బొప్పాయి తోట కనబడగానే ఆకులు తుంచుకుపోతున్నారే, ఆ తోటలో ఏం కొట్టారో వాళ్లకు తెలుసా? రింగ్‌స్పాట్ వైరస్ పేనుబంక ద్వారా వ్యాపిస్తుందని రసాయన సాగులో అంతర్వాహిక మందులు మళ్లీ మళ్లీ కొడతారు. అంతర్వాహిక అంటేనే ఆకు లోపలికి దిగేది. కడిగితే పోదు. దాన్ని పచ్చిగా నూరి, లివరు ముందే అలసిపోయి ఉన్న జ్వరం మనిషికి పోస్తున్నారు. డాక్టర్ ఒప్పుకుని ఇస్తామంటే, అది మందు కొట్టని ఇంటి చెట్టు ఆకే కావాలి. నేను ఆకు అమ్మను. ఇచ్చినప్పుడు డబ్బు తీసుకోను. ఆసుపత్రికి పోయారా అని అడగకుండా ఇవ్వను. ఆకు కిలో ఇంతని ఆన్‌లైన్‌లో అమ్మే సోదరులు కూడా ఈ ఒక్క ప్రశ్న అడిగితే బాగుంటుంది.

మందులు కొట్టకుండా బొప్పాయి పండదు అనేవాళ్లకు పిండినల్లి కథ చెబుతా. 2008లో కోయంబత్తూరు దగ్గర ఈ పిండినల్లి మొదట కనబడింది. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలు తెల్లగా అయిపోయాయి, ఏ మందుకూ లొంగలేదు. 2010లో పోర్టోరికో నుంచి అసెరోఫేగస్ పపాయే అనే చిన్న కందిరీగ లాంటి పరాన్నజీవిని తెచ్చి వదిలారు. నెలల్లో అదుపులోకి వచ్చింది. ఇప్పుడు మన తోటల్లో పిండినల్లి అక్కడక్కడ కనబడగానే మందు కొడితే ముందు చచ్చేది ఆ మిత్రపురుగే.

ఆకుకు పొలంలో ఉన్న పని అందరికీ తెలిసిందే, దశపర్ణి కషాయం. 200 లీటర్ల డ్రమ్ములో వేపాకు 5 కిలోలు, మిగతా ఆకులు ఒక్కొక్కటి 2 కిలోలు వేస్తాం, అందులో బొప్పాయి ఒకటి. కోత అయిపోయిన చెట్ల ఆకు దీనికి సరిపోతుంది. వైరస్ మచ్చలున్న ఆకు నేను వేయను. నలభై రోజులు రోజూ కలిపి, వడగట్టి, 100 లీటర్ల నీటికి 3 లీటర్లు.

గింజలు

నమిలితే ఆవాల ఘాటు వస్తుంది. ఆవాల ఘాటుకు దగ్గరి చుట్టమైన గంధకపు పదార్థమే ఇందులోనూ ఉంది. నులిపురుగులకు పనిచేస్తుందని 2007లో నైజీరియాలో 60 మంది పిల్లల మీద చేసిన చిన్న పరీక్ష ఉంది, ఎండిన గింజల పొడి తేనెలో కలిపి ఇచ్చారు. ఫలితం బాగానే వచ్చింది, కానీ అరవై మంది మీద చూసింది మందు కాదు. మన బడుల్లో ఆల్బెండజోల్ ఉచితంగా ఇస్తున్నారు, పిల్లలకు అది వేయించండి. ఇంకో సంగతి, జైపూర్‌లో కొండముచ్చుల మీద గింజల సారం ప్రయోగిస్తే వీర్యకణాలు పడిపోయాయి, ఆపాక మళ్లీ మామూలయ్యాయి. పిల్లల కోసం చూస్తున్న మగవాళ్లు యూట్యూబ్ చూసి రోజూ చెంచా గింజల పొడి తింటుంటే వెంటనే ఆపండి.

మిరియాల్లో ఈ ఎండు గింజలు కలిపి అమ్మడం పాత మోసం. గ్లాసు నీళ్లలో వేస్తే మంచి మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది. తొల్లు మిరియం కూడా తేలుతుంది కాబట్టి తేలినవాటిని పగలగొట్టి వాసన చూడండి.

అమ్ముడుపోని కాయతో నాలుగు రూపాయలు

పాలు తీసి పపైన్ అమ్మమని సలహాలిస్తుంటారు. మూడు నెలల వయసు కాయకు తెల్లవారుజామున పైపైన నాలుగు గీట్లు పెట్టి, ఇనుము తగలకుండా గాజు లేదా అల్యూమినియం గిన్నెలో పట్టి, 50 నుంచి 55 డిగ్రీల వేడిలో ఆరబెట్టాలి. కోయంబత్తూరు రకాలు సిఓ 2, సిఓ 5 లాంటివి దీనికి పేరున్నవి. కొనేవాడు ముందే ఖరారు కాకుండా రెండు ఎకరాల రైతు ఇందులో దిగడం నాకు నచ్చదు. డ్రయ్యర్, కూలి, చేతుల మంట అన్నీ పోను మిగిలేది తక్కువ.

గాలికి రాలిన కాయ, వంకర కాయ ఉంటే టూటీఫ్రూటీ చేసుకోవచ్చు. బన్నులో, ఐస్‌క్రీములో తినే ఆ రంగు ముక్కలు పచ్చి బొప్పాయే. చెక్కు తీసి సన్నగా ముక్కలు కోసి, సున్నపుతేటలో రెండు గంటలు నానబెట్టి, నాలుగు నీళ్లలో కడిగి, ముక్క అద్దంలా అయ్యేదాకా ఉడికించాలి. కిలో ముక్కలకు కిలో చక్కెర పాకం. ముక్కలు అందులో వేసి, రోజూ పాకం ఒక్కటే తీసి కాస్త చిక్కబెట్టి మళ్లీ పోస్తూ మూడు రోజులు నాననిచ్చి, వడగట్టి నీడలో ఆరబెట్టాలి. రంగుకు మేము బీట్‌రూట్ రసం, పసుపు వాడతాం. షాపు సరుకంత మెరవదు, కానీ అడిగి కొంటున్నారు. అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఇది చక్కెర సరుకు, దీన్ని ఆరోగ్యం పేరు పెట్టి అమ్మొద్దు.

పెరట్లో రెండు చెట్లు

ఇంటికి రెండు చెట్లుంటే పైన చెప్పినవన్నీ చేతికందుతాయి. రెడ్ లేడీ హైబ్రిడ్, దాని గింజ తీసి నాటితే అదే పండు రాదు. గింజ దాచుకోవాలనుకుంటే బెంగళూరు ఉద్యాన సంస్థ వారి అర్క సూర్య పెట్టండి. దాదాపు ప్రతి చెట్టూ కాస్తుంది, మగచెట్ల బాధ లేదు. దగ్గరలో వేరే రకం లేకుండా చూసుకుంటే గింజ కూడా నిలుస్తుంది. గింజ మీది జిగురు సంచిని బూడిదతో రుద్ది తీసేసి నీడలో ఆరబెట్టి విత్తాలి, లేకపోతే మొలక సరిగా రాదు. వాడకం నీళ్లు పారే చోట పెడతారు చాలామంది. పారితే మంచిదే, నిలిస్తే రెండు రోజుల్లో మొదలు కుళ్లి చెట్టు పడిపోతుంది. మొక్కను జానెడు ఎత్తు మట్టికుప్ప మీద నాటి, చుట్టూ ఎండాకు కప్పి, పదిహేను రోజులకోసారి జీవామృతం పోస్తూ ఉండండి. తొమ్మిది, పది నెలలకు మొదటి పండు చేతికొస్తుంది.